ఏక్, దో, చాయ్

సైన్యంలో నేను మోసిన ఒకే ఒక ఆయుధం స్ట్రెచర్. దానికి కూడా రెండో కొస ఇంకొకరు పట్టుకోవాలి. నాలుగో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడి చేతికి తుపాకి ఎవరిస్తారు?

నలభై ఎనిమిదిలో, నిజాం మీద పోలీసు యాక్షన్ అయ్యాక, వానలు ఇంకా వదలని రోజుల్లో, ఉదయం ఏడింటికి సూర్యాపేటలో లారీ దిగాను. చీలమండల దాకా బురద. ఒక బడిని దవాఖాన చేశారు. మూడు గదులు, ముప్పై మంచాలు, గదిగదికీ జానెడు ఎత్తు గడప. ఆరు స్ట్రెచర్లు, ఒక్కోదాని మీద ఒక కంబళి. బడి వదిలి పారిపోయినవాణ్ణి సర్కారు పట్టుకొచ్చి మళ్లీ బడిలోనే పడేసిందని అందరినీ నవ్వించాను.

హవల్దారు ఆర్డరు ఒకటే. "తల వైపు ఉన్నవాడే లెక్క చెప్పాలి. ఏక్, దో, తీన్. తీన్ విన్నాకే ఇద్దరూ లేపాలి."

నా జోడీ ఒక తమిళుడు. తెలుగు ముక్క రాదు. వచ్చీరాని హిందీయే మా ఇద్దరి భాష. ఖాళీ స్ట్రెచర్ ఎత్తేటప్పుడు నేను "ఏక్, దో, చాయ్" అనేవాణ్ణి. అతను నవ్వి, ఎత్తకుండా ఆగిపోయేవాడు. రెండు వారాల్లో అది మా ఇద్దరికీ అలవాటైపోయింది.

"మనిషి ఉన్నప్పుడు వద్దు, భాయ్," అని ఒకసారి చెప్పాడు కూడా.

ఒకరోజు పదకొండింటికి గరిడేపల్లి వైపు నుంచి గొర్రెలు కాసే ఆయనను తెచ్చారు. యాభై ఏళ్లుంటాయి. ఎడ్లబండి తిరగబడి తొడ ఎముక విరిగింది. మా డాక్టరు కోస్తా మనిషి. ఎముక సరిచేసి, రెండు వైపులా బద్దలు పెట్టి కట్టాడు. "మంచం మీదికి మార్చేటప్పుడు కాలు కదలకూడదు. కదిలితే కురచైపోతుంది," అన్నాడు.

మోసుకెళ్తుంటే ఆయన నన్నే అడిగాడు. "మంద ఇడిసిపెట్టి వచ్చిన, అల్లుడా. జల్ది నడుస్తనా?"

"నడవడమేంది మామా, ఉరుకుతావు," అన్నాను.

ఆయన మొహం నొప్పితో బిగుసుకుపోయి ఉంది. ఒక్కసారి నవ్విద్దామనిపించింది.

స్ట్రెచర్ మంచం పక్కన ఆనించాం. తల వైపు కంబళి కొసలు నా చేతుల్లో, కాళ్ల వైపువి తమిళుడి చేతుల్లో.

"ఏక్, దో, చాయ్."

అతను ఆగాడు. నా చేతులు ఆగలేదు. కంబళి ఒకవైపే లేచింది. మనిషి కిందికి జారాడు. కట్టిన కాలు స్ట్రెచర్ కర్రకు కొట్టుకుంది. ఆయన కేక వేయలేదు. పళ్లు కొరికిన చప్పుడు మాత్రం వినపడింది.

డాక్టరు పరుగున వచ్చాడు. "ఏం జరిగిందిరా?" అని తెలుగులో అడిగాడు.

"అతని చెయ్యి జారింది సార్," అన్నాను, నేనూ తెలుగులోనే.

తమిళుడికి అర్థం కాలేదు. నేను జరిగింది జరిగినట్టు చెబుతున్నానని నమ్మాడు. డాక్టరు వైపు తిరిగి, అవునన్నట్టు తల ఊపాడు.

అతనికి మంజూరైన పది రోజుల లీవు ఆ మధ్యాహ్నమే రద్దయింది. సాయంత్రం ఐదింటికి నా గ్లాసు నాకందిస్తూ, "నేను ఆగకుండా ఉండాల్సింది, భాయ్," అన్నాడు. నేను ఆ చాయ్ తాగాను.

మరుసటి ఏడు కొలువు ముగించుకుని కోదాడకు తిరిగొచ్చాను. ఇంట్లోవాళ్లు సైన్యం కబుర్లు అడిగితే అన్నీ నవ్వొచ్చేవే చెప్పాను. తల ఊపుతున్న ఆ తమిళుడు మాత్రం ఈ రోజుకీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఆ ఎండాకాలమే మిర్యాలగూడ గొర్రెల అంగట్లో ఆ గొర్రెలు కాసే ఆయన కనపడ్డాడు. కుడి కాలు రెండు వేళ్ల మందం కురచ. ఆ చెప్పు కింద తోలు ముక్కలు పేర్చి కుట్టించుకున్నాడు. పక్కకు పోదామనుకునే లోపే నన్ను గుర్తుపట్టాడు.

"తప్పు ఆ తమిళుడిది కాదు మామా," అన్నాను. "నాది."

"నాకెరుకనే. ఇరిగింది కాలు, చెవులు గాదు."

"మరి ఆ రోజు డాక్టరుతో ఎందుకు చెప్పలేదు?"

పక్కకు పోతున్న గొర్రెను కర్రతో అదిలించి, అప్పుడు నా వైపు చూశాడు.

"ఎట్ల సెప్త, అల్లుడా? మళ్ల నన్ను ఎత్తేటోనివి నువ్వే గద."