మిరియాల బుడ్డి

అమెరికాలో బానిసలుండే రోజుల్లో, కెంటకీలో పూటకూళ్ళిల్లు నడిపే హెప్సీబా అమ్మగారికి తగువంటే పడదు. బల్ల దగ్గర ఎవరి గొంతు లేచినా గరిటెతో సూప్ గిన్నె అంచు మీద టంగుమనిపిస్తుంది. ఆ అంచు ఇప్పటికే పెచ్చులూడిపోయింది. బానిసల ఊసెత్తినవాడికి కేకు ముక్క లేదని ఆవిడ శాసనం. ఆ కేకు చేసేది దోర్కా, తండ్రి ఆస్తిలో అమ్మగారి వాటాకి వచ్చిన బానిస. ఆ కేకు వదులుకోలేక మగాళ్ళంతా బానిసలు అనడానికి బదులు మిరియాలు అనడం మొదలెట్టారు. కొత్త రాష్ట్రాల్లోకి మిరియాల్ని రానివ్వాలా వద్దా అని ఉత్తరాది గడియారాల వర్తకుడు కెల్లాగూ, ఇక్కడి పొగాకు వ్యాపారి ట్రాబ్యూ రోజూ వాదించుకుంటుంటే, అమ్మగారు చల్లగా నవ్వుతూ కేకు కోసేది.

ఆ ఆదివారం కొత్తగా దిగిన పాదిరిగారు ఏమీ తెలియక, "నాయనా, ఆ మిరియాలు కాస్త ఇటు పంపించు" అన్నాడు.

"నా సొత్తు పంపించమనడానికి నువ్వెవడివయ్యా?" అంటూ ట్రాబ్యూ లేచాడు.

"పంపక చస్తావా?" అని కెల్లాగు అతని గడ్డం పట్టి గుంజాడు.

సూపంతా పాదిరిగారి ఒళ్ళో పడింది. బుడ్డి ఎగిరి మిరియాల పొడి గదంతా కమ్ముకుంది. ఆపైన ఎవరు తిడుతున్నారో ఎవరు తుమ్ముతున్నారో తెలియలేదు.

తుమ్ములు ఆగాక అమ్మగారు నడుం మీద చేతులేసుకుని, "ఈ పూట నుంచి నా ఇంట్లో మిరియాలుండటానికి వీల్లేదు" అంది.

దోర్కా చీపురు గోడకి ఆనించి, నడుముకి కట్టుకున్న వంటగుడ్డ ముడి విప్పింది.

"అయితే నేను వెళ్తానండి, అమ్మగారూ."

అమ్మగారు గబుక్కున వంగి, బుడ్డిని తన చేత్తోనే తీసి, మళ్ళీ బల్ల మధ్యన పెట్టింది.