జ్వెలిబాంజి అనే కేక

ఇది రఘుపతి చదవాలనే రాస్తున్నాను. ఆయన ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ ఏసీ గదిలో కూర్చుని ఎవరికి కొత్త పేర్లు పెడుతున్నాడో నాకు తెలియదు. ఎక్కడున్నా నా గొంతు చేరుతుందని నా నమ్మకం. రైసూత్‌లో నేను తుమ్మితే యెమెన్ సరిహద్దులో పడుకున్న ఒంటెలు లేచి నిలబడేవి. నమ్మనివాళ్ళు వెళ్ళి ఒంటెలను అడగండి.

తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది. తరువాత బొంబాయి, అక్కణ్ణుంచి మస్కట్, మస్కట్‌లో ఘాలా క్యాంపు. తొంభై ఏడులో సలాలా పక్కన రైసూత్‌లో ఓడరేవు పని జోరుగా సాగుతోందని కంపెనీ మమ్మల్ని బస్సులో కుక్కి పంపించింది. ఆ ఓడరేవు నేనే కట్టాను. నాతో పాటు ఇంకో వెయ్యి మంది ఏదో చేతిసాయం చేశారనుకోండి.

సముద్రంలో అలలకు అడ్డుగోడ వేయడానికి ఇంటంత కాంక్రీటు దిమ్మెలు పోసి యార్డులో ఆరబెట్టేవారు. వాటిని క్రేనుతో లేపి ట్రైలర్ల మీద పెట్టడం మా గ్యాంగు పని. దిమ్మెకు ఇనుప తాడు తగిలించేది నేను. కింద నిలబడి సిగ్నల్ ఇచ్చేది గంగాధరం, మా నిజామాబాదు జిల్లావాడే. పైన క్యాబిన్‌లో కూర్చుని క్రేను నడిపేది జ్వెలిబాంజి.

జ్వెలిబాంజి దక్షిణాఫ్రికా మనిషి, జులూ. డర్బన్ రేవులో సగం జీవితం క్రేను మీదే గడిపి మా దగ్గరకు వచ్చాడు. కూర్చుంటే నా ఎత్తు, నిలబడితే క్రేను ఎత్తు. ఒకసారి క్యాంపులో వాటర్ ట్యాంకరు బురదలో దిగబడితే భుజంతో నెట్టి బయటకు తీశాడు. ట్యాంకరు డ్రైవరు మాత్రం అది ఇంజన్ గొప్పతనం అంటాడు. వాడి మాట వదిలేయండి.

క్యాంపులో మొదట ఎవరూ అతనితో కలవలేదు. మనవాళ్ళ సంగతి మనకు తెలియనిదేముంది. తెల్లవాడు పక్కన కూర్చుంటే కుర్చీ తుడిచి ఇస్తారు, నల్లవాడు కూర్చుంటే ప్లేటు తీసుకుని లేస్తారు. గంగాధరం ఒక్కడే దగ్గరకు వెళ్ళాడు. దానికి కారణం గట్క. జ్వెలిబాంజి శుక్రవారం సెలవు పూట మక్కపిండి ఉడకబెట్టి గట్టిగా గెలికి మజ్జిగతో తినేవాడు. ఆ వాసన రూమ్ దాకా వచ్చేసరికి గంగాధరం పళ్ళెం పట్టుకుని బయలుదేరాడు. నేను అతన్ని కాపాడటానికి వెనకాలే వెళ్ళి రెండుసార్లు పెట్టించుకున్నాను.

అక్కడే తెలిసింది, డర్బన్‌లో జ్వెలిబాంజి పక్కింటివాళ్ళు తెలుగువాళ్ళట. ఎప్పుడో చెరుకు తోటల పనికి ఓడల్లో వెళ్ళినవాళ్ళ మనవలు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న "అన్నా" అనే ఒక్క మాటను అతను మా మీద ధారాళంగా వాడేవాడు. హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ, చేతులు, ఆ "అన్నా" కలిపి మా ముగ్గురికీ ఒక భాష తయారైంది.

అలాంటి ఒక శుక్రవారం గంగాధరం అతని పేరుకు అర్థం అడిగాడు.

జ్వెలిబాంజి చెప్పింది ఇది. వాళ్ళ నాన్న ఒక తెల్ల రైతు పొలంలో పని చేసేవాడు. తాతముత్తాతల సమాధులు ఆ పొలంలోనే ఉన్నాయి. ఒక రోజు రైతు ఖాళీ చేయమన్నాడు. గుడిసె పడగొట్టి, మనుషులనూ కోళ్ళనూ ఒకే లారీలో వేసి, రాళ్ళు తప్ప ఏమీ మొలవని చోట దింపారు. నిండు నెలల తల్లి ఆ రాళ్ళ మధ్యే కన్నది. తండ్రి బిడ్డకు జ్వెలిబాంజి అని పేరు పెట్టాడు. నేల విశాలమైనది అని అర్థం. తరిమితే తరుమురా, నేలంతా నీ అబ్బసొత్తు కాదు అని.

జులూవాళ్ళకు ఒక పద్ధతి ఉందట. ఇంట్లో పుట్టిన ఆనందం, పోయిన బిడ్డ దుఃఖం, బంధువుతో తగువు, ఏది గుండెల్లో ఉంటే అది బిడ్డ పేరులోకి వస్తుంది. పొరుగువాడి మీదికి వెళ్ళి నోరు పారేసుకోవడం మర్యాద కాదు కనుక ఆ మాటే బిడ్డకు పేరుగా పెట్టి, వాకిట్లో నిలబడి గట్టిగా పిలుస్తారు. పలికేది బిడ్డ. వినాల్సింది పొరుగువాడు. వాళ్ళ నాన్న సంతకు పోయినప్పుడల్లా చుట్టుదారి పట్టి ఆ రైతు కంచె పక్కగా నడిచేవాడు. కొడుకు భుజం మీదే ఉన్నా, ఎక్కడో తప్పిపోయినట్టు పేరు పెట్టి అరిచేవాడు. రైతు వరండాలో కాఫీ తాగుతూ వినేవాడు. పిల్లవాణ్ణి పిలుచుకుంటున్న తండ్రిని ఏమంటాడు?

"డర్బన్ రేవులో ఇరవై ఏళ్ళు నన్ను జిమ్ అన్నారు," అన్నాడు జ్వెలిబాంజి. "పలికాను. పలకకపోతే తిండి లేదు. మా దేశంలో ఓటు వచ్చిన రోజున అనుకున్నాను, ఇక పలకను."

గంగాధరం గట్కలో వేలు తిప్పాడు. వాళ్ళ ఊరు ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే హనుమంతుడి గుడి గోపురం తేలుతుంది, వీళ్ళు ఒడ్డున నిలబడి చూసి వస్తారు. ప్రభుత్వం ఇచ్చిన కాలనీ జాగాలో అతని ఇల్లు పునాది దాకా లేచి ఆగింది. ఆ ఇంటికి స్లాబు వేయడం కోసమే అతను ఒమన్‌లో ఉన్నాడు.

"మా అయ్యకు గీ ఉపాయం తెల్వకపాయె," అన్నాడు గంగాధరం. "తెలిస్తే నన్ను పిలిచినప్పుడల్లా ఇంజనీర్లు ఉలిక్కిపడేటోళ్ళు."

ఇప్పుడు రఘుపతి దగ్గరకు వద్దాం. మా యార్డు సూపర్‌వైజరు. కృష్ణా జిల్లా, డిప్లొమా, తెల్ల హెల్మెట్. మనుషులకు వాళ్ళ పేర్లు ఉన్నాయన్న సంగతే ఆయనకు నచ్చేది కాదు. నన్ను నైన్త్ ఫెయిల్ అనేవాడు. నేను ఫెయిలవలేదు, పరీక్షకే వెళ్ళలేదు, ఆ తేడా ఆయనకు తెలియదు. గంగాధరాన్ని గంగిరెద్దు అనేవాడు. జ్వెలిబాంజిని చూసిన మొదటి రోజే జానీ అన్నాడు. అదేం పేరండీ అని మేమంటే, అసలు పేరుకు నోరు తిరగడం లేదన్నాడు.

ఇక్కడే నాకు మండుతుంది. మా పెద్ద మేనేజరు హాలండ్‌వాడు. అతని పేరు పలకాలంటే నాలుకను ముడేసి గొంతులో గుటక వేయాలి. ఆ పేరును రఘుపతి బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. మా రూమ్‌లు వరస రూమ్‌లు, గోడలు పలచన, అందరమూ విన్నాం. పొద్దున్నే ఆ గుటక వింటే ఎవరో కప్పను మింగుతున్నారనుకునేవాళ్ళం. హాలండ్‌కు తిరిగిన నోరు ఆఫ్రికాకు ఎందుకు తిరగదు? జీతం పెంచే చేతి పేరు ఎంత వంకరగా ఉన్నా పలుకుతుంది. క్రేను లీవరు లాగే చేతి పేరు దగ్గరకు వచ్చేసరికి పక్షవాతం వస్తుంది.

రెండో అలవాటు బెదిరింపు. టీకి ఒక నిమిషం ఆలస్యమైనా, హెల్మెట్ పక్కకు జరిగినా ఒకటే మాట: వీసా క్యాన్సిల్ చేయించి పంపిస్తా, ఈ దేశంలో అడుగు పెట్టనివ్వను. ఒమన్ దేశం ఆయన పెరడు అన్నట్టు.

జూన్ చివర ఖరీఫ్ వచ్చింది. మనకు ఖరీఫంటే నాట్లు. సలాలాలో ఖరీఫంటే తుంపర, పొగమంచు. ఆ సంవత్సరం మంచు ఎంత చిక్కగా పట్టిందంటే మేము పారలతో తవ్వి దారి చేసుకుని డ్యూటీకి వెళ్ళాం. క్రేను మీదున్నవాడికి కింద చేతులు కనిపించవు. అందుకని సిగ్నల్ నోటితో ఇవ్వాలి. రేవుల్లో ఎత్తడానికి హబేస్ అంటారు, దించడానికి ఆరియా అంటారు. యార్డులో ఇంకా క్రేన్లు ఉంటాయి కనుక ముందు ఆపరేటర్ పేరు పిలవాలి. ఇంకో కట్టుబాటు: ఆపరేటర్ ఒక్కడి మాటే వినాలి, తన సిగ్నల్‌వాడిది. మధ్యలో మేనేజరు అరిచినా హుక్కు కదలకూడదు.

గంగాధరం పిలిచేవాడు: "జ్వెలిబాంజీ... హబేస్." మంచులోంచి దిమ్మె లేచేది.

పేరు అర్థం అప్పటికి గ్యాంగంతా పాకింది. నేను ఎవరికీ చెప్పలేదు, క్యాంపులో ఉన్నవాళ్ళకు తప్ప. ఒక రోజు రఘుపతి ఒక రాడ్‌బెండింగు మనిషిని పట్టుకుని క్యాన్సిల్ పాట మొదలుపెట్టాడు. అప్పుడు మంచులో ఎక్కడినుంచో ఒక గొంతు తీరిగ్గా పిలిచింది, జ్వెలిబాంజీ అని. ఇంకో మూల నుంచి ఇంకో గొంతు అందుకుంది. ఆ రోజు నుంచి ఆయన పంపిస్తా అన్నప్పుడల్లా యార్డు మొత్తం ఆ పేరు పిలిచేది. పని ఉండేది కాదు, ఉత్త పిలుపే. నేల విశాలం సారూ, పంపించుకో.

రఘుపతికి అనుమానం వచ్చింది. టీ టైములో క్రేను దిగిన జ్వెలిబాంజిని అందరి ముందూ నిలబెట్టి అర్థం అడిగాడు. జ్వెలిబాంజి దాచలేదు. నాన్న, రైతు, కంచె, మొత్తం చెప్పాడు. వింటున్న కొద్దీ రఘుపతి మెడ మీద నరం లేచింది. రేపటినుంచి యార్డులో జానీ తప్ప ఇంకో పేరు వినపడితే పిలిచినవాణ్ణి పంపించేస్తానన్నాడు.

"డర్బన్‌లో తెల్లవాళ్ళు మీ దేశంవాళ్ళందరినీ ఏమని పిలిచేవారో తెలుసా?" అన్నాడు జ్వెలిబాంజి. "సామీ. మర్యాదకు కాదు, పేరు అడగడం దండగని. డాక్టరైనా సామీ, పళ్ళు అమ్మేవాడైనా సామీ. మీరు అక్కడుంటే మీరూ సామీయే. నేను మా పక్కింటాయన్ని ఏ రోజూ అలా పిలవలేదు, అన్నా. జానీ అంటే నా హుక్కు కదలదు. పంపించండి."

రఘుపతికి కావాల్సింది అదే. హుక్కు కదలకపోతే పని ఎగ్గొట్టాడని మేనేజరుకు చూపించి, టికెట్ చేతిలో పెట్టి పంపవచ్చు. పిలవాల్సింది గంగాధరం. జ్వెలిబాంజి రైసూత్‌లో ఉంటాడా పోతాడా అన్నది గంగాధరం నోటిలో ఉంది. జానీ అంటే అతను పోతాడు, జ్వెలిబాంజి అంటే గంగాధరం పోతాడు, పునాది పునాదిగానే ఉంటుంది.

మరునాడు మంచు విడవకముందే ట్రైలర్లు వరస కట్టాయి. రఘుపతి హాలండ్ మేనేజరును వెంటబెట్టుకుని వచ్చాడు. నేను దిమ్మెకు తాడు తగిలించి పక్కకు జరిగాను. క్రేను మెడ సగం దాకా కనిపిస్తోంది, పైన అంతా తెలుపు. ఇంజన్ గురగురమంటోంది.

"పిలవవయ్యా," అన్నాడు రఘుపతి. "ఏమని పిలవాలో తెలుసుగా."

గంగాధరం హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు.

"నీ ఇల్లు సగంలో ఉందని విన్నాను. ఆలోచించుకునే పిలువు."

సిగ్నల్‌వాడు క్రేను వైపు తిరిగి పిలవాలి. అది పనిలో మొదటి పాఠం. గంగాధరం క్రేనుకు వీపు పెట్టాడు. రఘుపతికి ఎదురుగా, బెత్తెడు దూరంలో నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ, ఛాతీ నిండా గాలి పీల్చి అరిచాడు.

"జ్వెలిబాంజీ... హబేస్."

రఘుపతి కళ్ళద్దాల మీద ఉమ్మి తుంపర్లు పడ్డాయి. గంగాధరం వెనకాల, అతను చూడకుండానే, దిమ్మె నేల విడిచి లేచింది. అంత మెత్తగా దిమ్మె లేవడం నేను మళ్ళీ చూడలేదు. మేనేజరుకు అక్కడ యుద్ధం జరిగిందని కూడా తెలియలేదు. గుడ్ అని తలూపి జీపెక్కాడు.

ఆ నెల తిరక్కముందే గంగాధరం వీసా పొడిగించకుండా ఆపేశారు. కారణం, సిగ్నల్ ఇచ్చేటప్పుడు క్రేను వైపు చూడలేదట, భద్రతా నియమం తప్పాడట. మనిషి పేరు చంపడానికి అడ్డం రాని నియమాలు మనిషిని పంపించడానికి ఎంత చక్కగా పనికొచ్చాయో చూడండి. జ్వెలిబాంజి మేనేజరు దగ్గరకు వెళ్ళి జరిగినదంతా చెప్పి, గంగాధరం పోతే నేనూ పోతానన్నాడు. క్రేను ఆపరేటర్లు దొరకరు కనుక అతన్ని పోనివ్వలేదు, కాంట్రాక్టు చూపించి కూర్చోబెట్టారు. సిగ్నల్‌వాళ్ళు బస్సుల కొద్దీ దొరుకుతారు కనుక గంగాధరాన్ని ఉంచలేదు. గంగాధరం పికప్ ఎక్కిన పొద్దున మంచులో క్రేను హారను మోగుతూనే ఉంది. రఘుపతి కిందినుంచి ఆపమని ఏవేవో పేర్లు అరిచాడు. క్రేను మీదున్నవాడి అసలు పేరు తప్ప అన్నీ అరిచాడు. హారను ఆగలేదు.

ఆ తరువాత సిగ్నల్ పని నాకు వచ్చింది. నా గొంతు సంగతి మొదట్లోనే చెప్పాను. కాంట్రాక్టు ముగిసి జ్వెలిబాంజి డర్బన్ వెళ్ళేదాకా రైసూత్‌లో ఆ పేరు ఒక్క పూట కూడా ఆగలేదు. రఘుపతికి ప్రమోషన్ వచ్చింది, మస్కట్ పక్కన మబేలాలో విల్లాల పనికి పెద్ద ఇన్‌చార్జిగా వెళ్ళాడు. నాకు నిద్ర పట్టనివ్వని కోపం అదే.

తొంభై తొమ్మిదిలో సెలవు మీద వచ్చినప్పుడు గంగాధరాన్ని చూడటానికి వాళ్ళ కాలనీకి వెళ్ళాను. పునాది మీద రేకులు వేసుకుని ఉంటున్నాడు. పక్కన ఒక కాంట్రాక్టరు మేడ కట్టి, ప్రహరీని గంగాధరం వాకిట్లోకి జరిపి లేపాడు. అడిగితే కొలతలు అలాగే ఉన్నాయన్నాడట. గంగాధరానికి మనవడు పుట్టాడు. బారసాలలో పెట్టిన పేరు వేరే ఉంది, తల్లి ఆ పేరే పిలుస్తుంది. తాత మాత్రం ఆ పేరు పిలవడు.

మేము మాట్లాడుతుండగా కాంట్రాక్టరు మేడ మీదికి వచ్చి నిలబడ్డాడు. పిల్లవాడు గంగాధరం ఒళ్ళోనే ఉన్నాడు. గంగాధరం వాణ్ణి ఎత్తుకునే లేచి గోడ దగ్గరకు వెళ్ళి, తలెత్తి, పాత గొంతుతో పిలిచాడు.

"జ్వెలిబాంజీ."

ఏం పేరది ముసలాయనా అని పైనుంచి అడిగాడు కాంట్రాక్టరు, నవ్వుతూనే.

"జాగ మస్తుగున్నది అని దాని అర్థం," అన్నాడు గంగాధరం. "గింత జాగ ఉండంగ నీకు నా వాకిలే కావాల్సొచ్చె."

అతను నవ్వు ఆపి లోపలికి వెళ్ళిపోయాడు. గోడ మాత్రం అక్కడే ఉంది. పిలుపూ అక్కడే ఉంది, పొద్దునా సాయంత్రం.

రఘుపతీ, ఇక్కడిదాకా చదివావు కదా. ఎవరూ లేరు, అద్దం ముందు నిలబడి ఒక్కసారి పలికి చూడు. నీ నోరు తిరుగుతుంది.