ఉలవల కుప్ప దగ్గర తెల్ల లైటు

మా ఆయన కారుకు తెల్ల లైట్లు వేయించిన రోజు రాజుకున్న మంట నాలో ఇంకా ఆరలేదు. ఆ లైట్ల మీద ఎంత కోపమో, వాటికి కారణమైన రాళ్ల మీదా అంతే కోపం.

మా వైపు ఉలవలు కోస్తే కళ్లం చేసే ఓపిక ఇప్పుడెవరికీ లేదు. తెచ్చి తారు రోడ్డు మీద పరిచేస్తారు. బస్సులు, ట్రాక్టర్లు తొక్కి గింజ రాలుస్తాయి. పొద్దు గూకే వేళకు అంతా రోడ్డు పక్కకు లాగి కుప్ప చేసి, పట్ట కప్పి, బండ్లు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పేరుస్తారు. కుప్ప ఎత్తేశాక కూడా రాళ్లు అక్కడే పడి ఉంటాయి. ఈ పనిలో మా నాయన అందరికంటే ముందుంటాడు. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారి దిగి లోపలికి పోతే మా పుట్టిల్లు ఉన్న పల్లె. ఊరి ముందరి రోడ్డు తన సొంత కళ్లమనే ఆయన లెక్క.

"నాయనా, ఎవరన్నా పడి చస్తారు" అని ఎన్నిసార్లు పోట్లాడానో.

"రాళ్లు పెట్టకుంటే గింజలు యెవురు కాస్తారు? నువ్వొచ్చి పండుకుంటావా ఈడ?" అనేవాడు.

మేముండేది ధర్మవరంలో. మా ఆయన పట్టుచీరల వ్యాపారి. చీరల మూటలు కారులో వేసుకొని ఊళ్లు తిరుగుతాడు. ఒక సాయంత్రం చెన్నేకొత్తపల్లి నుంచి ఇంటికొస్తూ, ఎవరో వదిలేసిన కుప్పరాయి మీదికి ఎక్కించి టైరు పగలగొట్టుకున్నాడు. రాళ్లు పెట్టినవాళ్లను తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా. కానీ అసలు తప్పు కారు మసక లైట్లదని తేల్చేశాడు.

మరుసటి వారం హిందూపురంలో కారు సామాన్ల అంగడి ముందు ఆపి కొత్త బల్బులు వేయించాడు. అంగడాయన "పగలు మాదిరి ఉంటాది సార్" అంటూ ఎదురు గోడ మీదికి లైటు కొట్టి చూపించాడు. వెలుతురు గోడంతా చిమ్మింది, గోడ పైనున్న వేపకొమ్మల్లోకి కూడా పోయింది.

"అంత పైకి పోతే ఎదురొచ్చేవాళ్ల గతేంది?" అన్నాను.

"నడిపేది నేను. నాకు రోడ్డు కనపడాల" అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఆ తర్వాత ఆయన వీధుల్లో కూడా లైటు దించడం మానేశాడు. ఎదురు బండి వాళ్లు మొహాలు పక్కకు తిప్పుకుంటుంటే పక్క సీట్లో కూర్చున్న నాకు సిగ్గేసేది. చెబితే వింటే కదా. "వాళ్లు దించుతాండారా, నేను దించడానికి?" అదొక్కటే జవాబు. ఊరంతా అదే జవాబు చెప్పుకుంటూ ఒకరి కళ్లు ఒకరు పొడుచుకుంటున్నాం.

కొత్త ఉలవలు తెచ్చుకుందామని ఒక మునిమాపు వేళ పల్లెకు బయలుదేరాం. ఊరి ముందరికి వచ్చేసరికి ఎదురుగా మిణుగురు పురుగంత లైటుతో ఒక మోపెడ్ వస్తోంది.

"దించు, ఎవరో వస్తున్నారు" అన్నాను. దించలేదు.

మోపెడ్ అటూ ఇటూ ఊగి, కుప్ప చుట్టూ ఉన్న రాళ్లకు కొట్టుకొని పక్కకు పడిపోయింది.

"తాగినట్టుండాడు" అని మా ఆయన కారు పక్కకు తిప్పి పోబోయాడు. అంతలో ఒక పాల క్యాను దొర్లుకుంటూ మా లైట్ల వెలుతురులోకి వచ్చింది. దాని పిడికి పట్టుచీర అంచు గుడ్డ కట్టి ఉంది. అది నేనిచ్చిన గుడ్డే.

"ఆపు!" అని అరిచాను. దిగి పరిగెత్తాను.

పాలకేంద్రానికి పోతున్న నాయన తాను పేర్చిన రాళ్ల మధ్య కూర్చొని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

"యాదో బండి మొగాన లైటు కొట్టి పాయప్పా. కండ్లు కనపడల్యా. మీరేమన్నా చూస్తిరా దాన్ని?" అని అల్లుడిని అడిగాడు.

ఆ రోడ్డు మీద మా కారు తప్ప ఇంకే బండీ లేదు.

"చూడలేదు మామా" అన్నాడు మా ఆయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏ బండీ లేదు నాయనా. నిన్ను పడేసింది ఈ కారే. ఈ లైట్లే" అన్నాను.

"నోరు ముయ్ పాపా. అల్లుడు అట్ల చేస్తాడా? అది వేరే బండి" అని నన్నే గదిమాడు నాయన. మా ఇంట్లో అల్లుడిని ఎవరూ ఒక్క మాట అనరు. అంటే కూతురి కాపురానికే చేటని వాళ్ల భయం. చెయ్యి విరిగినా ఆ భయం పోలేదు. ఆ భయం చాటున మా ఆయన హాయిగా దాక్కున్నాడు.

నాయనను హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు ఎదురొచ్చిన ప్రతి బండికీ మా ఆయన లైటు దించాడు. అంటే దించడం తెలుసన్నమాట. అన్నాళ్లూ తెలుసు. దారి పొడుగునా అదే తలుచుకొని పళ్లు నూరుకున్నాను.

తర్వాత నేనే కారు తీసుకొని అదే అంగడికి పోయి పాత బల్బులు వేయించాను. మసక పట్టిన లైటు గాజులు రుద్దించి, వెలుతురు రోడ్డు మీదికి దింపించాను. ఇప్పుడు రాళ్లు చక్కగా కనిపిస్తున్నాయి. ఆ గాజులు ముందే రుద్దించి ఉంటే సరిపోయేది. కుప్పరాళ్లను కూడా కాలువలోకి నెట్టించాను. నాయన మళ్లీ తెచ్చి పెట్టాడు. ఆయనతో అయితే ఆ పోట్లాట ఇంకా నడుస్తూనే ఉంది. మా ఆయన మాత్రం ఆ సాయంత్రం గురించి నోరెత్తడు.

మొన్న పట్టపగలు పల్లెకు పోయాం. నాయన కుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎండ ఆయన వీపు మీద ఉంది, కళ్లలో పడటం లేదు. మా కారు మలుపు తిరిగి కనబడగానే, వంకరగా అతుక్కున్న ఆ చెయ్యెత్తి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

మా ఆయన కారు ఆపేశాడు. దిగలేదు. స్టీరింగు పట్టుకొని అట్లే కూర్చున్నాడు.

నాయన చెయ్యి దించుకొని, నవ్వుతూ దగ్గరికొచ్చి, తలుపు తీసి, "దిగప్పా, ఆడనే నిలిపేస్తివే?" అన్నాడు.