చేపల తొట్టిలో లెక్కల పుస్తకం

రెండువేల రెండు, మే పదిహేడు, శుక్రవారం. ఆకు కదలని ఉక్కపోత. మధ్యాహ్నం కాకముందే నూనె మేస్త్రిగారి అక్క కంప్యూటర్ మూడోసారి ఆగిపోయింది.

ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. పదిహేనేళ్లుగా కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లను విప్పి, కొత్త తీగ చుట్టి, మళ్లీ నూనెలో దించడమే ఆయన వృత్తి. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన వదిలేది కాదు. భోజనానికి పిలిచినవారు ఆయనను కిటికీ పక్కనే కూర్చోబెట్టేవారు.

అక్క అచ్చుకు వెళ్లే పుస్తకాలకు పేజీలు కూర్చేది. పక్క వాటాలో పిండిమర. అక్కడి పిండి గోడ సందుల్లోంచి వచ్చి కంప్యూటర్ ఫ్యాన్లలో పేరుకొనేది. నాలుగువందల పేజీల లెక్కల పుస్తకం ఆ పెట్టెలోనే ఉంది. మరో ప్రతి తీద్దామంటే, అది ముగిసేలోపే పెట్టె వేడెక్కి ఆగిపోతోంది. సోమవారం ఉదయానికి ప్రెస్సుకు అందకపోతే ఈ పనే కాదు, ఇకపై ఏ పనీ ఆమెకు రాదు.

"గాలితో అయ్యే పని కాదక్కా. నూనెలో దించుదాం."

"ఒరేయ్, ఇదేమన్నా వేపుడనుకున్నావా?"

"ఆ నూనె కాదు. మా నూనెలో కరెంటు పారదు, వేడి మాత్రం పోతుంది. నిండా మునిగినదానికి వేడేంటి?"

"సామెత చలి గురించిరా!"

"తిరగేశాను. ఎండాకాలం కదా."

చేపలు పోయి ఖాళీగా ఉన్న మేనకోడలి గాజుతొట్టి వచ్చింది. తడి లేకుండా వడగట్టిన నూనె డబ్బాలు వచ్చాయి. ఫ్యాన్లు ఊడదీసి, పిండి దులిపి, మేస్త్రి ఒక్కో భాగాన్నీ పసిబిడ్డకు స్నానం చేయించినంత మెల్లగా దించసాగాడు. పైకి తేలిన తీగే కాలుతుందన్నది ఆయన గురువు నేర్పిన మొదటి పాఠం. అందుకే చివరికి పుస్తకమున్న డిస్కునూ చేతిలోకి తీసుకున్నాడు.

అక్కకు అచ్చులో ఏది కనబడినా చదవడం అలవాటు. మందుసీసా మీది చీమతలకాయంత అక్షరాలను కూడా వదలదు.

"ఆగరా! ఈ రంధ్రం మూయకూడదని దీని చీటీ మీద రాసుంది."

"ఏ రంధ్రం?"

సూదిమొనంత రంధ్రం. మేస్త్రి చేయి గాలిలోనే నిలిచిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కూడా పైనున్న ఒక గొట్టంతో ఊపిరి పీలుస్తుంది. ఆ గొట్టాన్ని ఆయన ఎన్నడూ నూనెలో ముంచలేదు. అరచేతిలో పట్టే ఈ రేకుడబ్బాకూ ముక్కుంటుందని తోచలేదంతే. ఇంకో క్షణం గడిస్తే లోపలికి నూనె పోయి, నాలుగువందల పేజీలూ గంగలో కలిసేవి.

డిస్కును తొట్టి అంచున చెక్కకు కట్టి, స్విచ్ వేశారు. చప్పుడే లేదు. అక్క భయపడి గాజుకు చెవి ఆనించింది. తెర వెలిగింది. గంటకోసారి ఇద్దరూ గాజు మీద చేయి వేసి చూసేవారు: గోరువెచ్చన, అంతే. సోమవారం పేజీలు ప్రెస్సు చేరాయి.

పదహారేళ్ల తరువాత వేరే ఊరినుంచి అక్కకు ఉత్తరం వచ్చింది.

"అక్కా, ఇక్కడ పెద్ద హాలులో వరసగా తొట్లు, వాటినిండా మునిగిన కంప్యూటర్లు. నూనె చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. మొదటిరోజు 'దీని ముక్కెక్కడ?' అని అడిగితే ఇంజనీర్లు పగలబడి నవ్వారు. ఈ డిస్కులకు రంధ్రాలే లేవట. అయినా ఒక్కో చీటీ చదివాకే దించుతున్నాను. నీ కళ్లజోడు పొరపాటున నా సంచిలో వచ్చేసింది. ఇంట్లో వెతక్కు."