బీరువాలో దాచిన గొంగడి

తాళం వేసిన బీరువాలోంచి మధ్యాహ్నం మూడున్నరకు మొదటి దెబ్బ వినిపించింది, గొడ్డలి మొద్దులో దిగినట్టు. వెంటనే ఇంకో రెండు. హోంవర్కు రాస్తున్న పిల్లలిద్దరూ పెన్సిళ్లు ఆపి నావైపు చూశారు. దారిలో ఉన్న మా ఆయనకేదో అయిందనిపించింది.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. బీఎస్సీ చదివాను. అయినా ఇది రాయక తప్పడం లేదు.

మా ఆయన ఆ ఉదయమే గిద్దలూరు నుంచి సైకిల్ మీద హంపికి బయలుదేరారు, నల్లమల ఘాట్ మీదుగా. ఎక్కేటప్పుడు ప్రతి వంద గ్రాములూ కాళ్లకు తెలుస్తాయని వారం రోజులు సామాన్లు వంటింటి కాటా మీద తూచారు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశారు. రెండు జతల బట్టలు, రెయిన్‌కోటు, ట్యూబు, పంపు. అంతే.

మా అత్త రాచర్లలో గొర్రెలు కాసేవాళ్ల ఆడపడుచు. వాళ్ల నాయన కప్పుకున్న ఉన్ని గొంగడి తెచ్చి ఆయన ముందు పడేసింది.

"గొంగడి లేకుండా అడవికి పోతారా ఎవురన్నా? ఎలుగుబంటి మీద పడితే ఆ బ్రష్షు ముక్కతో పొడుస్తావా?"

ఆయన నవ్వి దాన్ని సంచి అడుగున పెట్టారు. అదొక్కటే రెండు కిలోలు. ఘాట్‌లో ఆయాసపడతారని నాకు దిగులు. ఆయన స్నానానికి వెళ్లగానే తీసి బీరువాలో దాచి, సంచి క్యారియర్‌కు నేనే కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది.

ఘాట్‌లో ఇద్దరు సైకిల్ కోసం అడ్డగించారట. మొదట కట్టెతో కొడితే భుజం ఎముక విరిగింది. కింద పడ్డాక ఒకడు గొడ్డలి ఎత్తాడు. తాడు తెగి పక్కన పడ్డ సంచిని ఆయన గుండెలకు అడ్డం పెట్టుకున్నారు. మూడు వేట్లు. లారీ రావడంతో వాళ్లు పారిపోయారు.

"అమ్మ గొంగడి ఇయ్యకుంటే నన్ను చీల్చేసి ఉండేవాడే," అన్నారు, నేను ఆస్పత్రికి చేరగానే.

సంచి నేనే విప్పాను. పైగుడ్డ మూడుచోట్ల తెగింది. లోపలి బట్టలకు గాటు లేదు.

అత్తను ఆయన దగ్గర ఉంచి ఇంటికొచ్చి బీరువా తెరిచాను. గొంగడి మడతలన్నీ తెగేలా మూడు వేట్లు. దాని కిందున్న నా పట్టుచీరకు పోగైనా తెగలేదు. తాళంచెవి రోజంతా నా దగ్గరే ఉంది. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

తెల్లారి పెద్దది అడిగింది: "అమ్మా, నిన్న బీరువాలో ఏంది ఆ చప్పుడు?"

ఎలుకలని చెప్పబోయి మానుకున్నాను.

"తెలీదమ్మా. ఆ గొంగడి కుట్టొద్దు, ఉతకొద్దు. మీ నాయన మళ్లీ సైకిలెక్కితే ముందు అదే సర్దాల. మిగతావి సగానికి కోసైనా దానికి చోటు చేద్దాం."