పైపు కోసం వదిలిన కంత

ఈ పొద్దున సిలిండర్ తెచ్చినతను దాన్ని గడప దాకా దొర్లించి నిలబెట్టి, ధర మళ్లీ పెరిగిందని చెప్పాడు. పెంచింది అతను కాదని తెలిసి కూడా నేను అతని మీదే అరిచాను. ఎక్కడో సముద్రంలో ఓడలు ఆగిపోయాయట, ఎవరో ఎవరి మీదో బాంబులు వేసుకుంటున్నారట, అందుకని నారాయణఖేడ్‌లో పింఛను మీద బతికే నా వంటింట్లో పప్పు ఉడకడం ప్రియమవుతుందట. పాపం, నన్ను చల్లబరుద్దామనుకున్నాడు కాబోలు, "ఇగ ఎన్ని దినాలమ్మా, జల్దీనే ఇంటింటికి పైపులైన్ ఏస్తరంట, నల్ల తిప్పినట్టు తిప్పుకునుడే" అన్నాడు. అంతవరకూ ఉన్న కోపం ఒక ఎత్తు, ఆ మాటతో వచ్చింది ఒక ఎత్తు. గ్యాసు పైపు గురించి నాకు చెప్పకు, పో అన్నాను. అతను బిత్తరపోయి ఖాళీ సిలిండర్ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు. ఆ మాట నేను అతను పుట్టకముందే విన్నాను, అంతే.

మా ఊరు నాగల్‌గిద్ద అవతల, ఇంకాస్త నడిస్తే కర్ణాటక. సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో ముగిసే చోటు. అక్కడ మా అమ్మకు ఒక చేను ఉండేది. మా నాయనది కాదు, అమ్మదే. పెళ్లినాడు ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిన నల్లరేగడి చేను. జొన్న, కంది తప్ప మరొకటి పండని మెట్ట నేలే అయినా, ఆ చేను సంగతి వచ్చిందంటే మా అమ్మ గొంతు మారిపోయేది, కూర్చున్నది కాస్తా నిటారుగా కూర్చునేది.

నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన రోజులవి. పక్క ఊరి బడిలో పని, శనివారం సాయంత్రం బస్సు పట్టుకుని ఇంటికి రావడం. అప్పుడు వంట అంటే ఏమిటో మన వయసు ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. వానాకాలంలో తడిసిన కంది కట్టె, ఊదుగొట్టం, కళ్లలో నీళ్లు, గోడ మీద వేలితో గీస్తే గీత పడేంత మసి. రేషన్ షాపులో కిరోసిన్ పోస్తున్నారంటే డబ్బాలు ముందుగా వెళ్లి వరసలో కూర్చునేవి, మనుషులం వెనకాల వెళ్లేవాళ్లం. ఆ నీలం నూనె దీపానికి చాలితే పొయ్యికి చాలదు, పొయ్యికి పోస్తే దీపానికి ఉండదు. ఇక గ్యాసు పొయ్యి అంటే ఖేడ్‌లో పెద్ద ఆఫీసర్ల ఇళ్లలో ఉంటుందని విన్నదే తప్ప మా ఊళ్లో కళ్లతో చూసినవాళ్లు లేరు. నేను ఒకసారి మా హెడ్మాస్టరుగారింట్లో చూసివచ్చి, అగ్గిపుల్ల గీయగానే నీలంగా మంట లేస్తుందనీ పొగే ఉండదనీ చెబితే, పొగలేని మంట మంటెట్లయితదని మా నాయన నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. మరోసారి చెప్పమంది.

అలాంటి రోజుల్లో ఒక జీపు మా చేను గట్టు మీద ఆగింది. ఎక్కడి నుంచో ఎక్కడికో గ్యాసు పైపు వేస్తున్నారట, అది మా చేను మధ్యలోంచి పోతుందట. చేను మీ పేరునే ఉంటుంది, పంట మీరే వేసుకోవచ్చు, పైపు పోయిన పట్టీలో మాత్రం బావి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు, గుడిసె కట్టకూడదు అన్నారు. సరిగ్గా ఆ పట్టీలోనే బావి తవ్వాలని మా నాయన ఎప్పటినుంచో చెబుతుండేవాడు. ఆయన మొహం వాడిపోయింది. ఊళ్లో మిగతా రైతులు నష్టపరిహారం గురించి వాదిస్తుంటే, మా అమ్మ కొంగు సర్దుకుని జీపు దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క మాట అడిగింది.

"గీ గ్యాసు మాక్కూడ ఇస్తరా సారూ?"

జీపులో వచ్చిన ఆఫీసరు చలువ కళ్లద్దాలు తీసి నవ్వాడు. "మీ పొలంలోంచి పోయేది మీకు ఇవ్వకుండా ఎవరికిస్తామమ్మా, ముందు మీకే" అన్నాడు. ఆయన ఏ ఊరివాడో, ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. బహుశా ఆ మాట అన్న మరుక్షణమే మరిచిపోయి ఉంటాడు. కానీ మా వైపు చేనులో నిలబడి అన్న మాటంటే అది కాగితం కన్నా ఎక్కువ. భూముల పంపకాలే అలా జరిగిన ఊరు మాది. అమ్మ అక్కడికక్కడే వేలిముద్ర వేసింది.

తరువాత యంత్రాలు వచ్చాయి. ఊరు ఊరంతా సద్ది కట్టుకుని చూడ్డానికి వెళ్లింది. కోసి ఇంకా ఇంటికి చేరని జొన్న పక్కన, మనిషి వంగి దూరగలిగేంత లావు పైపులు, నల్లటి పూత పూసినవి, కనుచూపు మేర వరసగా పరిచారు. కందకం తవ్వే యంత్రం ఒక్క పూటలో తవ్విన దాన్ని మా నాయన జన్మంతా తవ్వలేడు. పక్కకు చెయ్యి చాపిన క్రేన్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తూ పైపును పసిపిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు కందకంలోకి దించాయి. చూడముచ్చటగానే ఉండింది, ఆ మాట దాచను. మన్ను కప్పేసి, పైన పసుపు రంగు స్తంభాలు పాతి, వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు. లోపలి రాతి నేల పైకొచ్చి, ఆ పట్టీలో జొన్న చాలా ఏళ్లు మోకాలెత్తు కూడా పెరగలేదు.

ఆ వేసవిలో మా అమ్మ వంటింటికి మేస్త్రీని పిలిపించింది. నిలబడి వండుకునేందుకు గోడ పొడవునా షాబాదు బండతో గట్టు కట్టించింది. ఊళ్లో అలాంటి గట్టు అదే మొదటిది. అంతటితో ఆగితే బాగుండేది. గట్టు పైన, చేను ఉన్న దిక్కుకే, గోడకు ఒక కంత వదలమంది. ఎందుకని మేస్త్రీ అడిగితే, "పైపు లోపటికి ఎట్లొస్తది మరి, తలుపు కొట్టుకుంట వస్తదా?" అని కసిరింది. పొలంలో వేసిన పైపు లావు చూసిన మనిషి కదా, ఇంటికొచ్చేది దాని పిల్ల అయినా లావుగానే ఉంటుందని తలకాయ పట్టేంత కంత పెట్టించింది. చూసినవాళ్లు ఎవరూ నవ్వలేదు. పైగా మరో నాలుగిళ్లవాళ్లు అలాంటి కంతలే పెట్టించుకున్నారు.

గ్యాసు రాలేదు. ఆ ఏడూ రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. స్తంభాల వెంట నడుచుకుంటూ పోయే పహరా మనిషిని అడిగితే, ఈ పైపులో గ్యాసు ఎంత జోరుగా పోతుందో తెలుసా, దాన్ని మధ్యలో ఆపి మీ పొయ్యికి ఇవ్వడం కుదరదు, అది పట్నాలకూ ఫ్యాక్టరీలకూ పోయేది అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. అయితే ఆ నిజం వేలిముద్ర వేయించుకున్న రోజున ఎక్కడికి పోయింది? గట్టు మీద అమ్మ నీళ్ల బిందెలు పెట్టుకుంది. ఆ గట్టు కిందనే, నేల మీద, పాత మట్టి పొయ్యి ముందు ఎప్పటిలా ముక్కాలిపీట వేసుకుని కూర్చుని కంది కట్టె ఊదింది. పొగ మాత్రం ఆ కంతలోంచి కాస్త కాస్త బయటికి పోయేది.

ఎల్లమాస మా వైపు పెద్ద పండుగ. సంక్రాంతికి ముందొచ్చే అమావాస్యనాడు ఇంటిల్లిపాదీ చేనుకు వెళ్లి, జొన్న చొప్పతో చిన్న పందిరి వేసి, అందులో పంచ పాండవులని ఐదు రాళ్లకు సున్నం పూసి కొలిచి, కొత్త కుండలో పాలు పొంగించి, తెచ్చుకున్న సజ్జ రొట్టెలూ అన్ని గింజలూ ఆకులూ కలిపి వండిన బజ్జీ కూర తిని, సగం కన్నడపు కేకలు వేస్తూ పంట చుట్టూ అంబలి చల్లి వస్తాం. పాండవులు కూర్చునే చోటు తరతరాలకూ ఒకటే, మార్చరు. మా పాండవులు కూర్చునే చోటు ఆ పసుపు స్తంభాల మధ్యకు వచ్చింది.

పైపు వేశాక కొన్నేళ్లు ఎవరూ ఏమీ అనలేదు. పహరాకు కొత్త మనిషి వచ్చిన ఏడు మాత్రం, అమ్మ పొయ్యి రాజేసి పాలకుండ పెట్టి, పాలు అంచు దాకా వచ్చి ఇక పొంగబోతున్నాయనగా, అతను దూరం నుంచి అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. గ్యాసు లైను మీద మంట పెడతారా, అంతా పేలిపోతే ఎవరిది జిమ్మేదారీ అని కేకలేసి, మేము తాగడానికి తెచ్చుకున్న నీళ్ల బిందె ఎత్తి పొయ్యిలో కుమ్మరించాడు. బూడిద లేచి పాలల్లో పడింది. పాండవుల మీద పడింది. పాలు మళ్లీ లోపలికి దిగిపోయాయి. పొంగబోయిన పాలు దిగిపోవడమంటే మాకు ఏమిటో చెప్పినా అతనికి అర్థం కాదు.

మా నాయన తల వంచుకున్నాడు. నేను టీచరమ్మను కదా, ఏదో మాట్లాడబోయాను. అమ్మ నన్ను చేత్తో ఆపి, అతని ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నా పొయ్యిలకు రాని గ్యాసుకు నా పొయ్యంటే భయమెందుకురా?" అంది.

అతను ఖాళీ బిందె కింద పెట్టి స్తంభాల వెంట వెళ్లిపోయాడు. అతను చేసింది అతని కొలువు, ఇప్పుడు ఆలోచిస్తే అదీ నిజమే. కానీ నాకు ఈనాటికీ ఆ నిజాలన్నీ ఒకవైపు, తడిసిన పొయ్యి ముందు నిలబడ్డ మా అమ్మ ఒకవైపు. ఆ తరువాత ఊరి పెద్దలు పాండవుల రాళ్లను స్తంభాల ఇవతలికి జరిపించారు. అమ్మ మాత్రం మళ్లీ ఎల్లమాసకు చేనుకు రాలేదు. అందరికీ రొట్టెలు చేసి మూటగట్టి ఇచ్చి, తాను ఇంట్లోనే ఉండిపోయేది.

దగ్గు అప్పటికే మొదలైంది. ఖేడ్ దవాఖానకు తీసుకొస్తే డాక్టరు గుండెకు గొట్టం ఆనించి విని, "బీడీలు తాగుతవా అవ్వా?" అని అడిగాడు. జన్మలో బీడీ ముట్టని మనిషి. ఆమెకు పట్టరాని రోషం వచ్చింది, మందులు కూడా తీసుకోకుండా లేచి బయటికి నడిచింది. నేను వెనక్కి వెళ్లి, బీడీ కాదు పొయ్యి అని చెప్పాను. రెండూ ఒకటే అన్నాడాయన, పొయ్యి మాన్పించండి అన్నాడు. ఖేడ్‌లో నా దగ్గర ఉండమని బతిమాలాను, చేనును వదిలి రానంది. కింద గ్యాసు నిండుగా పారుతున్న ఆ చేనులో ఏరుకొచ్చిన కట్టె పొగతోనే మా అమ్మ ఊపిరితిత్తులు నిండిపోయాయి. ఆమె పోయిన నాడు నేను ఏడ్చిన దానికన్నా పళ్లు కొరికిందే ఎక్కువ.

చాలా ఏళ్ల తరువాత, అమ్మ ఇంట్లోనే ఉంటున్న మా తమ్ముడికి సర్కారు సిలిండర్ వచ్చింది. అమ్మ కట్టించిన గట్టు మీద ఎట్టకేలకు గ్యాసు పొయ్యి కూర్చుంది. తమ్ముడు సంబరంగా గోడలకు సున్నం వేయించి, ఇక అవసరమేముందని ఆ కంతను సిమెంటుతో పూడ్పించాడు. నాకు మనసొప్పలేదు, కానీ ఇల్లు వాడిది.

ఈ పొద్దున సిలిండర్ అతను వెళ్లాక కోపం తగ్గక, మధ్యాహ్నం బస్సెక్కి మా ఊరికి వెళ్లాను. వంటింట్లోకి అడుగు పెట్టగానే దగ్గొచ్చింది. గట్టు మీద సిలిండర్ పొయ్యికి పాత చీర కప్పి ఉంది. దాని కింద నేల మీద, అమ్మ కూర్చున్న చోటనే, మా మరదలు కూర్చుని కంది కట్టె ఊదుతోంది. పొగ పోయే దారి లేక ఇల్లంతా కమ్ముకుని ఉంది.

"సిలిండరొడిసి నెలలాయె వదినా, నింపియ్యాలంటే ఏడికెల్లి తేవాలె? సుట్టాలొచ్చినప్పుడు చాయ్‌కని దాసుకున్న గ్యాసు గూడ అయిపాయె" అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. తరువాత దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

కొట్టంలో మూలకున్న గడ్డపార తీసుకొచ్చాను. తమ్ముడు పరుగెత్తుకొచ్చి, ఏమైందక్కా నీకు, పాగల్ అయినవా అన్నాడు. ఈ వయసులో నా చేతుల్లో అంత బలం ఎక్కడిదో నాకూ తెలియదు. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలి గట్టు మీద పడింది. ఊపిరందక నేను ఆగితే, ఇక చెప్పి లాభం లేదనుకున్నాడో ఏమో, తమ్ముడు నా చేతిలోంచి గడ్డపార తీసుకుని మిగతాది తానే పొడిచాడు. అమ్మ కంత తెరుచుకుంది. పొగ మెల్లగా అటువైపు తిరిగి బయటికి సాగింది. ఆ కంతలోంచి చూస్తే చేను కనిపిస్తుంది, కంది మధ్యలో పసుపు స్తంభం కనిపిస్తుంది.

మన కాలంలో చేనులో నిలబడి ఒక మనిషి మాటిస్తే, ఆ మాట ఇంట్లోకి రావడానికి గోడకు దారి వదిలేవాళ్లం. ఇప్పుడు ఎవరూ వదలరు, ఊళ్లో ఏ కొత్త ఇంటికీ అలాంటి కంత లేదు. మనవాళ్లు తెలివిమీరారని సంతోషించాలో, నమ్మడమే మరిచిపోయారని ఏడవాలో తెలియక, చీకటి పడే వేళకు ఆఖరి బస్సులో ఖేడ్‌కు తిరిగి వచ్చాను. నా చీరకు ఇంకా పొగ వాసన వస్తూనే ఉంది, అది మా అమ్మ వాసన.