అమ్మాయికి తోడుగా వెళ్లి

ఆ చలికాలమంతా నేను ద్వారక నుంచి గురుగ్రామ్‌కు మెట్రోలో తిరిగాను. అక్కడ మా అమ్మాయికి కాన్పయింది. వాళ్ల అత్తగారికి మోకాలి ఆపరేషన్ కావడంతో ఆవిడ రాలేకపోయింది. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి అప్పుడే రిటైరయ్యాను. విశ్రాంతిగా గడుపుదామనుకున్న రోజులు పసిదాని గుడ్డలతో, బాలింత పథ్యంతో కరిగిపోయాయి. సాయంత్రం ఇల్లు చేరేసరికి చెప్పులు విప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

కడుపుతో ఉన్నప్పుడే అమ్మాయికి నడుము కింద నొప్పి మొదలైంది. మంచం మీద పక్కకి తిరగాలన్నా కళ్లనీళ్లు పెట్టుకునేది. డాక్టరమ్మ ఒక ఆస్టియోపతి క్లినిక్‌కు పంపింది. అక్కడ మందులివ్వరు. చేతులతో కీళ్లనూ కండరాలనూ మెల్లగా సర్ది, వ్యాయామాలు నేర్పుతారు. కాన్పయ్యాక మళ్లీ అక్కడికే వెళ్తానంది. బాలింత చలిలో తిరగడం నాకు నచ్చలేదు.

"నడికట్టు కట్టుకుని పడుకుంటే అదే సర్దుకుంటుందే," అన్నాను.

"అమ్మా, ప్లీజ్. క్యాబ్ బుక్ చేసేశా. నువ్వు పాపని పట్టుకో, అంతే."

థెరపిస్టు మా అమ్మాయి ఈడుదే. నేను పాపని ఒళ్లో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల గొంతైనా తగ్గించకుండా హిందీలో అడిగింది, "దగ్గితే, తుమ్మితే మూత్రం జారుతోందా?"

"హా, కొంచెం," అంది అమ్మాయి, టీలో పంచదార ఎంతని అడిగినంత మామూలుగా.

నా చెవులు వేడెక్కాయి.

"చాలామందికి ఉంటుంది. అలాగని భరిస్తూ కూర్చోనక్కర్లేదు. పొత్తికడుపు లోపల అడుగున ఉండే కండరాలు బలహీనపడ్డాయి. వాటికి బలం తెచ్చుకోవాలి," అందామె.

నాకది ఈ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ ఉంది. ప్రభుత్వ క్వార్టర్స్‌లో పచ్చి ఒంటితోనే నీళ్ల బకెట్లు మేడ మీదికి మోశాను. ఆఫీసుకి ముదురు రంగు చీరలే కట్టాను. బస్సు వెనక పరిగెత్తడం మానేశాను. జలుబు చేస్తే సెలవు పెట్టేదాన్ని. పిల్లలు పుట్టాక ఆడదాని ఒళ్లు ఇంతేననుకున్నాను. ఇన్నేళ్లూ అలా జాగ్రత్తపడటమే పెద్ద అలసటని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది.

తర్వాతిసారి వెళ్లినప్పుడు అమ్మాయి కర్టెన్ వెనక పాపకి పాలిస్తోంది. థెరపిస్టు బల్ల తుడుస్తోంది. నేను దగ్గరికెళ్లి మెల్లగా అడిగాను, "బేటీ, అది ముప్పై ఏళ్ల నాటిదైతే?"

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "మీకా, ఆంటీ?"

తలూపాను. కర్టెన్ వెనకనుంచి "అమ్మా!" అని వినిపించింది. "ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారే?"

కర్టెన్ వెనక పాప గుటకలు వినబడుతున్నాయి.

ముందు డాక్టరుకి చూపించుకుని రమ్మంది థెరపిస్టు. చూపించుకుని వచ్చాక బల్ల మీద పడుకోబెట్టి, పక్కటెముకల కింద అరచేతులు ఆనించింది. "ఊపిరి బిగబట్టకండి, ఆంటీ. వదిలేయండి."

బిగబట్టానని నాకే తెలియదు. వదిలాను. మళ్లీ వదిలాను. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. మెలకువ వచ్చేసరికి ఒంటి మీద దుప్పటి ఉంది. తర్వాతి పేషెంటును పక్క గదిలోకి తీసుకెళ్లారట. సిగ్గుతో లేవబోయాను.

"ఫరవాలేదు, ఆంటీ. ఇవాళ్టికి ఇదే మీ ఎక్సర్‌సైజ్," అందామె.

ఆ తర్వాత అమ్మాయీ నేనూ హాల్లో చాపలు పరుచుకుని, మధ్యలో పాపని పడుకోబెట్టి వ్యాయామాలు చేసేవాళ్లం. ఊపిరి వదులుతూ లోపలి కండరాన్ని పైకి లాగాలి, తర్వాత వదలాలి.

"భుజాలు కాదమ్మా, లోపల!"

"లోపలేరా బాబూ, ముఖం దానంతటదే వంకరపోతోంది."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకే ఇద్దరికీ జారింది. దాంతో ఇంకా నవ్వొచ్చింది.

వేసవికి అమ్మాయి ఆఫీసులో చేరింది. పగలంతా పాప నా దగ్గరే. ఒక్కోరోజు వ్యాయామం చేసే ఓపిక ఉండదు, చేయను. అయినా చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. గట్టిగా తుమ్మితే ఇప్పటికీ భయమే.

మొన్న మధ్యాహ్నం పాప నిద్రపోతుంటే తెనాలిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను. కూరల సంగతీ ఎండల సంగతీ అయ్యాక, థెరపిస్టు అడిగినట్టే సూటిగా అడిగేశాను.

"నీకూనా అక్కా?" అంది చెల్లెలు, గొంతు తగ్గించి.

చెప్పడం మొదలుపెట్టానో లేదో పాప లేచి ఏడుపందుకుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి, పాపని భుజాన వేసుకుని, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతూనే ఉన్నాను.